గడియారం ఒక్కటే గుర్తుందంటున్నారు పిల్లలు... మళ్లీ మ్యూజియానికి తీసుకెళ్లాలా?

నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారాంశం ఇస్తున్నాను.

నిరుడు ఆవిడ పట్టుబట్టి తొమ్మిదో తరగతి పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లారు. తెల్లవారుజామున బయల్దేరి బిర్లా మందిర్, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, జూ పార్క్, ఆఖర్న ట్యాంక్‌బండ్. అన్నీ ఒకే రోజులో. మ్యూజియంలో ఉన్నది ముప్పావు గంట. "లైన్లో నడవండి, ముట్టుకోకండి, మాట్లాడకండి, తొందరగా కదలండి. ఇంతకు మించి నేను పిల్లలతో ఒక్క మాట మాట్లాడలేదు" అని రాశారు. తిరిగొచ్చాక ఏం చూశారని అడిగితే క్లాసంతా ఒకటే జవాబు: గంట కొట్టే గడియారం. మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం గురించి అడిగితే ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ నోరు విప్పలేదు. ఒక అబ్బాయి మాత్రం మ్యూజియంలో ఆ విగ్రహం ముందు ఆగి, "టీచర్, ఇది చేసినాయనకు ఎన్ని పైసలు ఇచ్చి ఉంటరు?" అని అడిగాడట. వెనక లైన్ ఆగిపోతోందని ఆవిడ "నడువు, నడువు" అన్నారట.

ఈ ఏడాది మళ్లీ ట్రిప్ మాట వచ్చింది. పిల్లలు వాటర్ పార్క్ అంటున్నారు. లెక్కల సారు స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందే "బొమ్మలు చూస్తే మార్కులొస్తయా మేడమ్, వచ్చే ఏడు వీళ్లకు పది పరీక్షలు" అన్నారు. హెచ్‌ఎం గారు "బాధ్యత మీరు తీసుకుంటానంటే సంతకం పెడతా" అని తప్పుకున్నారు. రాత్రి అవుతుందంటే ఆడపిల్లల్ని పంపమని కొందరు తల్లిదండ్రులు చెప్పేశారు. పైగా నిరుడు డబ్బు కట్టలేని ఆరుగురు పిల్లల ఖర్చు ఆవిడే పెట్టుకున్నారు. ఆ సంగతి ఇంట్లో తెలిసి భర్తతో గొడవైంది.

చివర్న ఇలా అడిగారు: "నాకు బొమ్మలంటే ఇష్టం. నా ఇష్టాన్ని పిల్లల మీద రుద్దుతున్నానా? వాళ్లకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా? మానుకుంటే మనసు ఒప్పదు, చేద్దామంటే టెన్షన్. ఏం చేయమంటారు?"

టీచర్ గారూ,

ముందు ఆ గడియారం సంగతి మాట్లాడుకుందాం. పిల్లలకు అదొక్కటే గుర్తుందని మీరు బాధపడుతున్నారు. నాకైతే మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం అదే అనిపించింది. మ్యూజియంలో వాళ్లు ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. గడియారం దగ్గర మాత్రమే వాళ్లు ఆగారు. గంట కొట్టే వేళ కోసం జనంతో పాటు నిలబడి, ఆ చిన్న బొమ్మ తలుపు తీసుకుని ఎప్పుడొస్తుందా అని కళ్లార్పకుండా చూశారు. వచ్చింది, కొట్టింది, వెళ్లిపోయింది. ఎలా పనిచేస్తుందని పక్కవాడితో వాదించుకునే ఉంటారు. మిగతా గ్యాలరీల్లో వాళ్లకు దొరికింది నడక మాత్రమే. ఆగి చూసిన వస్తువు మిగిలింది, దాటిపోయిన వస్తువులు మిగల్లేదు. ఇందులో పిల్లల లోపం లేదు, మ్యూజియం లోపమూ లేదు. మీ అభిరుచి తప్పని కూడా ఇది రుజువు చేయదు. ఆ రోజు కార్యక్రమమే పిల్లలు ఆగడానికి వీల్లేకుండా తయారైంది.

సాలార్‌జంగ్‌లో 40 వేలకు పైగా వస్తువులున్నాయి. పెద్దవాళ్లం మనమే ఒక పూటలో తల తిరిగి బయటికొస్తాం. మరి పద్నాలుగేళ్ల పిల్లలు ముప్పావు గంటలో ఏం చూస్తారు?

"నిజంగా ఏమైనా ఒరుగుతుందా" అన్నారు. ఈ ప్రశ్నకు అభిప్రాయం కాకుండా ఆధారం చూపించగలిగే అవకాశం ఒకటుంది. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ అనే చిన్న పట్టణంలో 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే ఆర్ట్ మ్యూజియం తెరిచారు. బడి పిల్లలకు బస్సుతో, భోజనంతో సహా అంతా ఉచితం. దాంతో పట్టలేనన్ని దరఖాస్తులొచ్చాయి, లాటరీ తీయాల్సొచ్చింది. జే గ్రీన్, బ్రయన్ కిసిడా, డేనియల్ బోవెన్ అనే పరిశోధకులు దీన్ని అవకాశంగా తీసుకుని, లాటరీలో ముందు వెళ్లిన పిల్లల్ని, ఇంకా వంతు రాని పిల్లల్ని పోల్చి చూశారు. 123 బడులు, దాదాపు 11 వేల మంది పిల్లలు. మ్యూజియం చూసొచ్చిన కొన్ని వారాల తర్వాత, అంతకు ముందెప్పుడూ చూడని ఒక పెయింటింగ్ ఇచ్చి, ఇందులో ఏం జరుగుతోందో రాయమన్నారు. వెళ్లొచ్చిన పిల్లలు ఎక్కువ వివరాలు గమనించారు, తామనుకున్నదానికి కారణాలు చూపించారు. మొత్తం మీద తేడా చిన్నదే. కానీ పల్లెటూరి బడుల పిల్లల్ని విడిగా చూస్తే ఆ తేడా మూడు రెట్ల దాకా ఉంది. ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. పట్నంలో ఉన్నవాడికి అమ్మానాన్న చూపిస్తారు. మీ పిల్లలకు మీరు చూపించకపోతే చూపించేవాళ్లు లేరు.

అదే అధ్యయనంలో ఇంకో విషయం మీకు పనికొస్తుంది. అక్కడ మేపుల్ చెట్ల నుంచి చక్కెర తీసే శిబిరం పెయింటింగ్ ఒకటుంది. బానిసలతో చెరకు పండించి తీసిన చక్కెర మాకొద్దని, బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్లు మేపుల్ చక్కెర వైపు మళ్లారని పిల్లలకు ఆ బొమ్మ ముందు చెప్పారు. వారాల తర్వాత అడిగితే నూటికి 88 మందికి అది గుర్తుంది. పరీక్ష లేదు, మార్కులు లేవు, అయినా గుర్తుంది. వాళ్లు ఒక గంటలో చూసినవి సుమారు ఐదు బొమ్మలే, అవీ గైడ్‌తో మాట్లాడుకుంటూ.

ఒక్క జాగ్రత్త. ఆ అధ్యయనం మార్కుల్ని కొలవలేదు. కాబట్టి లెక్కల సారుతో "మార్కులు పెరుగుతాయి" అని పందెం వేయకండి. చూసినదాన్ని వివరంగా చూడటం, అనుకున్నదానికి కారణం చెప్పడం నేర్చుకుంటారని మాత్రం ధైర్యంగా చెప్పండి. అది సోషల్ టీచర్‌గా మీ పనిలో భాగమే. జాతీయ విద్యా విధానం (ఎన్‌ఈపీ) 2020 కూడా బ్యాగ్ లేని రోజుల గురించి, చారిత్రక, సాంస్కృతిక స్థలాలకు పిల్లల్ని తీసుకెళ్లడం గురించి స్పష్టంగా చెప్పింది. హెచ్‌ఎం గారికి పెట్టే అర్జీలో ఆ మాట రాయండి.

ఇక ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న. దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ ట్రిప్‌లో ఫలితం దక్కిన క్షణం అదే. రెబెక్కా విగ్రహం ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కింది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ఆయన నిజాం దగ్గర దివాన్. ఆ డబ్బు ఎక్కడిది? జాగీరుది. జాగీరుకు డబ్బు ఎక్కడిది? ఇక్కడి నుంచి మీ నల్లగొండ మట్టిలోకి పాఠం నడిచి వస్తుంది: శిస్తులు, వెట్టిచాకిరి, సాయుధ పోరాటం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో వారసులు లేకుండా చనిపోయారు. ఆయన సేకరణ ప్రజలు చూడటానికి నెహ్రూ చేతుల మీదుగా 1951 డిసెంబర్‌లో తెరుచుకుంది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది అదే ఏడాది అక్టోబర్‌లో. రెండు నెలల తేడా! 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అంటే ఒకప్పుడు ఒక దివాన్ ఇంటి సొత్తు అయిన ఆ రాతి ముసుగు ఇప్పుడు మీ అబ్బాయిది కూడా. ఎన్ని పైసలు ఇచ్చారని వాడు అడగడంలో తప్పేం ఉంది? ఆ శిల్పం అందాన్ని, దాని వెనక డబ్బుని ఒకేసారి పట్టుకున్నాడు. ఇప్పుడైనా వాణ్ని పిలిచి, "నువ్వడిగిన ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు వెతుకుదాం రా" అనండి. ఈ ఏడాది ట్రిప్ వెళ్లినా వెళ్లకపోయినా ఇది చేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మళ్లీ సాలార్‌జంగ్‌కే వెళ్లొచ్చు, అయితే ఆ రోజు అదొక్కటే. నాలుగైదు వస్తువులు ముందే ఎంచుకోండి. రెబెక్కా ఒకటి. ముందు నుంచి గర్వంగా నిలబడ్డ మగ పిశాచం, వెనక అద్దంలో తల దించుకున్న ఆడపిల్ల కనిపించే మెఫిస్టోఫిలిస్-మార్గరెటా చెక్క శిల్పం ఒకటి. ఒకే దుంగలో ఇద్దరు మనుషులు, పిల్లలు దాని చుట్టూ తిరగకుండా ఉండలేరు. నల్లటి లోహం మీద వెండి పొదిగిన బిద్రీ వస్తువు ఒకటి, ఒక రవివర్మ చిత్రం. గడియారాన్ని తీసేయొద్దు, పన్నెండు గంటలకు అక్కడ ఉండేలా చూసుకుంటే పన్నెండు దెబ్బలూ వింటారు. ఒక్కో వస్తువు దగ్గర పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ అనే ఇద్దరు మ్యూజియంలలో బొమ్మలు చూసేవాళ్ల కోసం తయారు చేసిన మూడు ప్రశ్నలున్నాయి: ఇక్కడ ఏం జరుగుతోంది? నీకు అలా ఎందుకనిపించింది, ఏం చూసి? ఇంకా ఏం కనిపిస్తోంది? మీరు పాఠం చెప్పకుండా ఇవే అడుగుతూ ఉండండి. పేర్లు, తేదీలు ఆఖర్న చెబితే చాలు. బోర్డుల మీది రాతలు నోట్‌బుక్‌లోకి ఎక్కించే పని మాత్రం పెట్టకండి. రాస్తున్నంతసేపు పిల్లలు బొమ్మను చూడరు.

ఈ దారిలో కష్టం ఏంటంటే దూరం, ఖర్చు, రాత్రి ప్రయాణం. అవి మారవు. జూ, చార్మినార్ లేకపోతే పిల్లలు మొదట్లో గునుస్తారు కూడా. కానీ ఐదు చోట్లు ఒక చోటు అయ్యాయి కాబట్టి మూడు గంటలకు తిరుగు ప్రయాణం కట్టొచ్చు, చలికాలంలో కూడా చీకటి ముదరక ముందే నల్లగొండ దాటొచ్చు. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఆ టైమ్ రాసి ఇవ్వండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న తల్లుల్ని ఇద్దరు ముగ్గుర్ని వెంట రమ్మనండి. నచ్చజెప్పడానికి మీరు ఇల్లిల్లూ తిరగడం కంటే ఆ తల్లుల మాట బాగా పనిచేస్తుంది. శుక్రవారం మ్యూజియం సెలవు. స్కూల్ పిల్లలకు టికెట్ ఎంతో, ఫోన్లకూ బ్యాగులకూ రూల్స్ ఏంటో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

రెండో దారి మీ ఇంటి పక్కనే ఉంది. నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్. పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలో జిల్లా పురావస్తు మ్యూజియం, గుడి గోడల నిండా రామాయణ, భారత కథల శిల్పాలు. పిల్లలకు ఆ కథలు ఎలాగూ తెలుసు కాబట్టి "ఇక్కడ ఏం జరుగుతోంది" అన్న ప్రశ్నకు తడుముకోరు. కాస్త దూరంలోనే ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో పగలంతా ఒకే చోట నిలిచి ఉండే నీడ. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలట్లేదు? ఈ ప్రశ్న మీకు కాదు, లెక్కల సారుకూ సైన్స్ టీచర్‌కూ అప్పగించండి. సారును వాదనలో గెలవాలని చూడకండి. "సార్, నీడ సంగతి మీరు చెబితేనే బాగుంటుంది" అని అడగండి. పిల్లలు స్తంభాల మధ్య దూరాలు కొలిచి, కాగితం మీద గీసి చూస్తే అది ఆయన పాఠమే అవుతుంది. స్టాఫ్‌రూమ్‌లో ఆయన అన్న మాట మీ మీద కోపంతో కాకపోవచ్చు. పది రిజల్ట్ భయం అందరి నెత్తి మీదా ఉంది.

పానగల్‌కు ఒక పూట చాలు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో ఆడపిల్లలకు మహాలక్ష్మి పథకం కింద టికెట్ లేదు, ఆధార్ ఉంటే సరి. ఖర్చు మగపిల్లల టికెట్లు, అందరి మధ్యాహ్నం తిండీ. అందరూ రావొచ్చు, ఎవరినీ వదలక్కర్లేదు. నష్టం కూడా చెబుతాను: హైదరాబాద్ అన్నప్పుడు పిల్లల కళ్లలో కనిపించే ఉత్సాహం దీనికి ఉండదు. "పానగలా, మొన్ననే పోయొచ్చినం" అంటారు. చూసినదాన్ని మళ్లీ కొత్తగా చూపించే భారం మీ మీదే పడుతుంది. వెళ్లే ముందు మీరొక్కరే ఒకసారి వెళ్లి, ఆపాల్సిన నాలుగు శిల్పాలు గుర్తు పెట్టుకురండి.

ఈ సందర్భంలోనే ఫణిగిరి పేరు పిల్లలకు చెప్పండి. మీ పక్క జిల్లా సూర్యాపేటలోని ఆ ఊళ్లో దొరికిన బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి ప్రదర్శనలో నిలబడ్డాయి. అక్కడివాళ్లు టికెట్ కొనుక్కుని చూశారు. మన రాళ్లలో ఏముందో మన పిల్లలు కూడా చూడాలని మీరు అనుకోవడం రుద్దడం ఎలా అవుతుంది?

మూడోది నాగార్జునకొండ. ఇక్ష్వాకుల కాలపు శిల్పాలు, సాగర్ నీళ్లలో మునిగిపోబోయే లోయలోంచి తవ్వి తీసి కొండ మీద పెట్టిన మ్యూజియం, పైగా లాంచీ ప్రయాణం. పిల్లలు వాటర్ పార్క్‌ను మర్చిపోయే అవకాశం దీనికే ఎక్కువ. ఆనకట్ట కోసం ఏం పోగొట్టుకున్నాం, ఏం కాపాడుకున్నాం అనే చర్చకు ఇంతకన్నా మంచి చోటు లేదు. కానీ లాంచీ వాళ్లు ఇచ్చిన సమయంలోనే చూసి రావాలి, అది మీ చేతుల్లో ఉండదు. గాలి, వాన ఉంటే లాంచీ నడవకపోవచ్చు. నీళ్లంటే తల్లిదండ్రుల భయం రాత్రి ప్రయాణం భయం కన్నా పెద్దది. లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయని చూసుకోకుండా ఒక్క పిల్లవాణ్ని కూడా ఎక్కించకండి.

వాటర్ పార్క్‌నూ మ్యూజియాన్నీ ఒకే రోజు కలుపుదామని హెచ్‌ఎం గారు అనొచ్చు. వద్దనే నా సలహా. పొద్దున మ్యూజియం పెడితే పిల్లలు "ఇంకెంత సేపు టీచర్" అంటూనే ఉంటారు. మధ్యాహ్నం పెడితే తడిసి, అలిసి, నిద్రపోతుంటారు. వాటర్ పార్క్ కోరిక చిన్నతనం అని మాత్రం తీసిపారేయకండి. ఆడుకోవడం కూడా వాళ్ల హక్కే. వీలుంటే దానికి వేరే రోజు, వేరే టీచర్ బాధ్యత. తప్పనిసరిగా కలపాల్సి వస్తే సాలార్‌జంగ్‌తో జూ నయం, దూరం తక్కువ. జూకు సోమవారం సెలవని గుర్తుంచుకుని రోజు ఎంచుకోండి.

ఈ ఏడాదికి మానుకోవడం కూడా ఒక దారే. మీరు అలిసిపోయారు, అది ఉత్తరంలో కనిపిస్తోంది. మానుకుంటే బడి డిజిటల్ బోర్డు మీద వారానికో బొమ్మ పెట్టి, అవే మూడు ప్రశ్నలు అడగండి. చూడటం అలవాటవుతుంది. రాయి పరిమాణం, పాలరాతి మెరుపు, చుట్టూ తిరిగితే మారిపోయే ముఖం మాత్రం బోర్డు మీద రావు. తొమ్మిదిలో ఉన్న ఈ పిల్లలకు వచ్చే ఏడాది పది పేరు చెప్పి ఎవరూ ట్రిప్ ఇవ్వరు. వాళ్ల వరకు మానుకోవడమంటే వాయిదా కాదు, ఇక లేనట్టే. అది తెలిసే నిర్ణయం తీసుకోండి.

నన్నడిగితే ముందు పానగల్, అందరితో. అది బాగా జరిగితే సంక్రాంతి సెలవుల తర్వాత సాలార్‌జంగ్. పానగల్‌లో పిల్లలు ఆగి మాట్లాడటం చూశాక హెచ్‌ఎం గారిని ఒప్పించడం తేలికవుతుంది. మీకూ ధైర్యం వస్తుంది. మీ బడి పరిస్థితి నాకన్నా మీకే తెలుసు, వరస మార్చుకోవచ్చు.

బాధ్యత సంగతి. "బాధ్యత మీదే" అన్న మాటకు నోటిమాటగా సరే అనకండి. డీఈఓ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, పది మంది పిల్లలకు ఒక పెద్దవారి చొప్పున పేర్లు, బయల్దేరే, తిరిగొచ్చే టైమ్, ప్రథమ చికిత్స పెట్టె ఎవరి దగ్గర ఉంటుందన్నది కాగితం మీద పెట్టి హెచ్‌ఎం గారి సంతకంతో ఫైల్లో ఉంచండి. బాధ్యత పంచుకున్నట్టు కాగితం చెబుతుంది, మీకు రాత్రి నిద్ర పడుతుంది. హైదరాబాద్‌కైతే ఆర్టీసీ బస్సు అద్దెకు తీసుకోండి, తల్లిదండ్రులకు నమ్మకం ఎక్కువ.

డబ్బు విషయంలో మీ వారి కోపంలో న్యాయం ఉందని నాకనిపిస్తోంది. మీరు ఇచ్చినందుకు కాదు, ఆయనకు చెప్పకుండా ఇచ్చినందుకు. పైగా ఆ ఆరుగురు పిల్లలకు తమ డబ్బు టీచర్ కట్టిందని ఎప్పటికైనా తెలుస్తుంది, అది వాళ్లకూ ఇబ్బందే. ఈసారి ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో తెలియకుండా చేయండి. మొత్తం ఖర్చు కమిటీ ముందు పెట్టి, ఊళ్లో ఉద్యోగాలు చేసుకుంటున్న పూర్వ విద్యార్థుల్ని అడగమనండి. ఒకరు బస్సు, ఒకరు భోజనాలు అంటే ముందుకొచ్చేవాళ్లుంటారు. తలా ఇంత అని పిల్లల దగ్గర వసూలు చేసేది అందరూ ఇవ్వగలిగినంత చిన్న మొత్తమే ఉండాలి. మీరూ ఇవ్వాలనుకుంటే ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకుని, దాతల్లో ఒకరిగా ఇవ్వండి. మీ వారికి కుదిరితే పానగల్‌కు రమ్మనండి. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి కావాలి కదా, ఆ లెక్కలో ఆయనా ఒకరవుతారు.

తిరిగొచ్చాక "మా విహారయాత్ర" అని వ్యాసం రాయించకండి. ఏదో ఒక వస్తువు ఎంచుకుని, దాన్ని చూడని తమ్ముడికో చెల్లెలికో చెబుతున్నట్టు ఒక పేజీ రాయమనండి, చేతనైతే బొమ్మ గీయమనండి. వాటిని హెచ్‌ఎం గారి గది బయట గోడకు పెట్టండి. గడియారం గురించి రాసిన పేజీలు కూడా పెట్టండి, తీసేయకండి.